శాస్త్రపరిశోధనలో కృత్రిమ మేధ



గడచిన శ్రావణమాసమున నా మనుమరాలు మా యూరికి వచ్చియుండెను. ఆమె జీవరసాయన శాస్త్రమున పరిశోధన చేయుచున్నది. సాయంకాలము అరుగుమీద కూర్చుండి యుండగా మా వీధి పెద్ద యొకరు, "అమ్మాయీ, నీవు పగలంతయు చేయు పని యేమి?" అని యడిగిరి. ఆమె నవ్వి, "తాతగారూ, కొన్నియేండ్ల క్రిందట నైనచో గాజుగొట్టములు కడుగుట యని చెప్పియుందును. ఇప్పుడు సగము దినము యంత్రము చెప్పినది నిజమో కాదో చూచుటతోనే సరిపోవుచున్నది" అని బదులు చెప్పెను. ఆ వృద్ధుడు తల యూచి తాంబూలము వేసికొనెను. నాకు మాత్ర మా మాట మనస్సును వదలలేదు. నేను ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పినవాడను. వ్యాకరణము, కావ్యములు గురుముఖమున చదివినవాడను గాని రసాయనశాస్త్రము చదివినవాడను గాను. ఆమెను విసిగించి తెలిసికొన్నదియు, ఆమె యిచ్చిన గ్రంథములను నెమ్మదిగా చదివి గ్రహించినదియు మీకు మనవి చేసెదను.

పాముకాటు సంగతితో ప్రారంభించుట మంచిది. ఏలయనగా అది మన పొలముగట్ల మీది సంగతి. 2020వ సంవత్సరమున ప్రకటింపబడిన యొక గణనము ననుసరించి, 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటువలన మరణించినవారు సుమారు 12 లక్షలు. ఆ మరణములలో అధికభాగము జరిగిన రాష్ట్రముల పట్టికలో తెలంగాణముతో కూడిన ఆంధ్రదేశమును గలదు. చనిపోయినవారిలో పెక్కుమంది పల్లెవారు. వానకాలమున పొలమునకు పోయినవారు. 2017లో ప్రపంచ ఆరోగ్యసంస్థ పాముకాటును లోకము నిర్లక్ష్యము చేసిన వ్యాధులలో నొకటిగా లెక్కించినది.

నాగుపాము, కట్లపాము మొదలగువాని విషములో మూడు వ్రేళ్లు చాచినట్టి యాకారముగల చిన్న పదార్థము లుండును. అవి నరము కండకు ఆజ్ఞ నందించు చోటికి చేరి, అచ్చటి తాళపుకప్పలో తప్పుడు చెవివలె దూరి కూర్చుండును. నరము ఆజ్ఞ యిచ్చుచునే యుండును; కండ వినదు. ఱెప్పలు వ్రాలును, మాట ముద్దయగును, తుదకు ఊపిరి తీయు కండలు నిలిచిపోవును. దీనికి విరుగుడుగా నూఱేండ్లకు పైగా వాడుకలోనున్న పద్ధతి గుఱ్ఱములది. గుఱ్ఱమునకు కొద్దికొద్దిగా విషమెక్కించి, దాని రక్తమున పుట్టిన ప్రతివిషమును శుద్ధిచేసి సూదిమందుగా నిత్తురు. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర యను నాలుగింటికిని పనిచేయునట్లు చేయబడినది. అది యెందఱి ప్రాణములనో నిలిపినది. కాని గుఱ్ఱపు రక్తమునుండి వచ్చినదానిని కొందఱి శరీరము సహింపదు. పైగా ఆ మూడువ్రేళ్ల పదార్థములు మిక్కిలి చిన్నవగుటచే గుఱ్ఱపు శరీరము వానిని చక్కగా గుర్తింపజాలదు. వానియెడ మందునకు బలము తక్కువ.

ఈ విషపదార్థములు ప్రోటీనుల జాతికి చెందినవి. మన పాఠ్యపుస్తకములు వీనినే మాంసకృత్తు లనినవి. పప్పులో నున్నదియు, గ్రుడ్డులో నున్నదియు, మన రక్తమునకు ఎఱుపు నిచ్చునదియు ఈ జాతివే. వీని నిర్మాణము నాబోటి యక్షరజీవికి సులువుగా తలకెక్కినది. అమినో ఆమ్లములనెడి 20 అక్షరములు కలవు. వానిని వరుసగా కూర్చినచో నొక పొడవైన మాట యగును. కాని యీ మాట కాగితముమీది మాటవలె చాపగా పడియుండదు. తనంతట తానే ముడుచుకొని మడతలుపడి యొక బొమ్మ యగును. ఆ బొమ్మ యాకారమే దాని పని. ఒక్క యక్షరము తప్పినను ప్రమాదము. రక్తములోని హీమోగ్లోబినునందు ఒక గొలుసుకు 146 అక్షరములు. అందు ఆఱవది మాఱినచో కొడవలి కణముల వ్యాధి కలుగును. మన మన్యపు గిరిజనులలో ఆ వ్యాధితో బాధపడువారు నేటికిని గలరు.

అక్షరముల వరుస తెలిసినంతమాత్రమున బొమ్మ యెట్లుండునో చెప్పగలమా? ఇదియే శాస్త్రజ్ఞులను ఏబదియేండ్లు ఏడ్పించిన ప్రశ్న. చూచి తెలిసికొనవలెనన్నచో ఆ ప్రోటీనును కలకండవలె పలుకులు కట్టించి, ఎక్స్‌రే కిరణములు ప్రసరింపజేసి, పడిన చుక్కల గుర్తులనుబట్టి లెక్కకట్టవలెను. మాక్స్ పెరుట్జ్ 1937లో హీమోగ్లోబినుపై పని మొదలుపెట్టి, దాని యాకృతి తేల్చునప్పటికి రెండు దశాబ్దములు దాటినవి. ఆయనకును, జాన్ కెండ్రూకును 1962లో నోబెలు బహుమానము లభించినది. మన మద్రాసులో జి. ఎన్. రామచంద్రన్‌గారు తమ సహచరులతో కలసి 1963లో, ఈ గొలుసు ఏయే కోణములలో వంగగలదో, ఏ కోణములలో వంగజాలదో యొక పటముగా గీసి చూపిరి. నేటికిని లోకమున నెవ్వరు క్రొత్త యాకృతిని కనుగొన్నను ఆ పటముతో సరిచూచుకొందురు. ఇట్లు తెలిసిన యాకృతుల నన్నింటిని ఒక్కచోట భద్రపఱచుటకు 1971లో నొక భాండాగారము నేర్పఱచిరి. ఆనాడు దానిలో నున్నవి ఏడు మాత్రమే. ఏబదియేండ్లు గడచునప్పటికి లక్షా డెబ్బదివేలు దాటినవి. ప్రతి యొక్కదాని వెనుకను ఎవరో యొక విద్యార్థి నిద్రలేని రాత్రులు కలవని మనుమరాలు చెప్పినది.

ఈ లక్షా డెబ్బదివేల బొమ్మలే కృత్రిమ మేధకు పలకాబలప మైనవి. లండనులోని డీప్‌మైండు సంస్థవారు తయారుచేసిన ఆల్ఫాఫోల్డు అను యంత్రము 2020లో జరిగిన యొక పోటీలో తక్కినవారి నందఱిని మించిపోయినది. 1994నుండి రెండేండ్ల కొకసారి జరుగుచున్న యీ పోటీలో, ప్రయోగమువలన తెలిసియు ఇంకను ప్రకటింపబడని యాకృతులను ఊహించి చెప్పుమని యడుగుదురు. తరువాత గుట్టు విప్పి మార్కులు వేయుదురు. పరీక్ష పెట్టు పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది. కాపీ కొట్టుటకు వీలులేదు. జర్మనీదేశమున ఆండ్రే లూపస్ అను శాస్త్రజ్ఞుని బృందము ఒక ప్రోటీనునుగూర్చి పదియేండ్లు శ్రమించియు లెక్క తేల్చలేకపోయెను. యంత్రము చెప్పిన యాకృతిని చేతబట్టుకొని తమవద్దనున్న ఎక్స్‌రే గుర్తులను చూడగా అరగంటలో తేలినది. 2022 జూలై నాటికి 20 కోట్లకు పైగా ప్రోటీనుల ఊహాకృతులను ఎల్లరును ఉచితముగా చూచుకొనుటకు వీలుగా నుంచిరి. ఆ యంత్రమునకు కారకులైన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్ గారలకును, అమెరికాలోని డేవిడ్ బేకర్‌గారికిని 2024లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము పంచి యిచ్చిరి.

యంత్ర మెట్లు ఊహించును? ఇచ్చట నా వృత్తి నాకు సాయపడినది. ఒకే ప్రోటీను మనుష్యునిలో నొకరీతిని, ఆవులో నింకొకరీతిని, చేపలో వేఱొకరీతిని స్వల్పభేదములతో నుండును. ఒకే కావ్యమునకు పది తాటాకుప్రతులు దొరికినట్లు భావింపుడు. పాఠాంతరములను ప్రక్కప్రక్కన బెట్టి చూచునప్పుడు, పద్యపాదపు మొదటి యక్షరము ఒక ప్రతిలో మాఱినచో యతిస్థానమందలి యక్షరము కూడ దానికి తగినట్లు మాఱియుండును. తెలుగు రానివాడైనను వేయి ప్రతులు చూచినచో, ఈ రెండు స్థానములకును ఏదియో ముడి కలదని కనిపెట్టగలడు. యంత్రము చేయునది ఇట్టిదే. గొలుసులో పండ్రెండవ యక్షరము మాఱినప్పుడెల్ల ఎనుబదవ యక్షరమును మాఱుచున్నచో, మడతలలో ఆ రెండును ఒకదాని నొకటి తాకుచున్నవని గ్రహించును. సి. పి. బ్రౌనుదొర కడపలో పండితులను గూర్చుకొని చేయించిన పని వంటిదే. వేగము మాత్రము వేఱు.

ఇంతవఱకు ఉన్నదానిని ఊహించుట. లేనిదానిని కల్పించుట తరువాతి మెట్టు. దీనిని ఉత్పాదక కృత్రిమ మేధ యందురు. తెలిసిన యాకృతులను కొంచెము కొంచెముగా చెదరగొట్టి, తుదకు పిడికెడు ఇసుక చల్లినట్లు చేసి యంత్రమునకు చూపుదురు. చెదరినదానిని మరల కూర్చు విద్య నేర్పుదురు. లక్షలసార్లు అట్లు నేర్చిన పిమ్మట, వట్టి ఇసుకనే యిచ్చినను దానినుండి క్రొత్త యాకృతిని దిద్దును. చెరపబడిన ముగ్గులను దిద్ది దిద్ది చేయి తిరిగిన యిల్లాలు, చుక్కలు పెట్టగానే ఎన్నడును చూడని ముగ్గు వేసినట్లు. బేకర్‌గారి బృందము 2023లో ప్రకటించిన యంత్రము ఇట్టిది. దానితో వారును, డెన్మార్కుదేశపు శాస్త్రజ్ఞులును కలసి చేసినదే పాముకాటు పని.

మూడువ్రేళ్ల విషపదార్థముపై నతుకుకొని, అది తాళపుకప్పలో దూరకుండ కాపాడు చిన్న ప్రోటీనును కల్పించుమని యంత్రము నడిగిరి. అది యనేకములు గీసినది. ఏ యక్షరముల వరుసతో ఆ బొమ్మలు వచ్చునో మఱియొక యంత్రము వ్రాసినది. ఆ వరుస నిజముగా అట్లే ముడుచుకొనునా యని ఆల్ఫాఫోల్డుచే పరీక్షింపజేసిరి. నిలిచినవానిని కొన్నింటిని మాత్రము ప్రయోగశాలలో తయారుచేసి, విషముతో కలిపి చూచిరి. తుదకు ఎలుకలకు ప్రాణాంతకమగు మోతాదులో విషమిచ్చి యీ ప్రోటీను నీయగా అవి బ్రతికినవి. ఎక్స్‌రేతో చూడగా పుట్టిన యాకృతి యంత్రము గీసినదానికి మిక్కిలి దగ్గఱగా నున్నది. 2025 జనవరిలో దీనిని ప్రకటించిరి. గుఱ్ఱముతో నిమిత్తము లేకుండ సూక్ష్మజీవులచేతనే దీనిని చేయించవచ్చును.

ఒక హెచ్చరిక. ఇది ఎలుకలయందు జరిగిన పరీక్ష. మూడువ్రేళ్ల జాతి విషమునకు మాత్రమే చెందినది. రక్తపింజర విషము రక్తమును చెఱచు వేఱొక జాతి. ఈ పనికిని దానికిని సంబంధము లేదు. పాము కఱచినవానిని మంత్రగానివద్ద కూర్చుండబెట్టక, కాలు కదలనీయక ఆసుపత్రికి తీసికొనిపోయి, గుఱ్ఱపు మందునే యిప్పింపుడు. ఇది ప్రసంగవిషయము కాదు గాని చెప్పక యుండలేను.

పరిశోధకుని దినచర్య యెట్లు మాఱినదో ఇప్పుడు మీకు గోచరించియుండును. పూర్వ మొక ప్రశ్నకు ఒక్క సమాధానము దొరకుట కష్టము. ఇప్పుడు సమాధానములు పుంఖానుపుంఖములుగా వచ్చుచున్నవి. వానిలో నేది నిజమో తేల్చుట కష్టము. కూలి తగ్గలేదు, తూర్పారబట్టు చోటు మాత్రము మాఱినది.

ఆల్ఫాఫోల్డునకు నొక మంచి గుణము కలదు. తాను గీసిన యాకృతిలో ఏ భాగమునందు తనకు నమ్మక మెంతయో నూటికి లెక్కవేసి చెప్పును. కొన్ని ప్రోటీనులకు స్థిరమైన యాకారమే లేదు. అట్టిచోట దాని మార్కులు అడుగంటును. తెలియనిచోట తెలియదనుట పండితులలో నెందఱికో లేని గుణము. మాటలు వ్రాయు యంత్రములలో నిది యంతగా కానరాదు.

నా యనుభవ మొకటి వినుడు. ఒక ప్రాతమాటకు కావ్యప్రయోగము కావలసి, మనుమరాలి చేతిలోని యంత్రము నడిగించితిని. క్షణములో నొక తేటగీతి వ్రాసియిచ్చి, ఫలానా మహాకవిది, ఫలానా యాశ్వాసమున కలదని చెప్పినది. నాకు పొంగు వచ్చినమాట నిజము. గణవిభజన చేయగా మూడవపాదమున సూర్యగణ ముండవలసిన చోట ఇంద్రగణ మున్నది. నాలుగవగణపు మొదట యతి లేదు. కావ్యము తీసి ఆశ్వాసమంతయు వెదకితిని. అట్టి పద్యము లేదు. నీవు తప్పితివని వ్రాయించగా, క్షమింపుడని వినయముగా పలికి, అంతకంటె చెడ్డ పద్యము నింకొకదాని నిచ్చెను.

నాకు ఛందస్సు తోడున్నది గనుక పట్టుకొంటిని. వచనమున కేది తోడు? మనుమరాలి సహాధ్యాయి యొకడు తన విషయముపై వెలువడిన వ్యాసముల పట్టిక నిట్లే అడిగి తెచ్చుకొనెనట. రచయితల పేర్లు నిజము, పత్రికల పేర్లు నిజము. వ్యాసములు మాత్రము మూడు లేవు. 2022 నవంబరులో మెటా సంస్థవారు శాస్త్రవ్యాసములకొఱకే గెలాక్టికా యను యంత్రమును విడుదలచేసి, అది తడబడక అబద్ధములు పలుకుటచే మూడు దినములలో మూసివేసిరి.

ఇంతకంటె నాకు విచిత్రముగా తోచినది మఱియొకటి. శాస్త్రవ్యాసములలో "శాకీయ ఎలక్ట్రాను సూక్ష్మదర్శనము" అను నర్థమిచ్చు నింగ్లీషు పదబంధ మొకటి కొన్నియేండ్లనుండి కనబడసాగెను. అట్టి యుపకరణము లోకమున లేదు. ఎచ్చటనుండి వచ్చినది? 1950ల నాటి యొక పత్రికలో పుటకు రెండు వరుసలుగా అచ్చువేసియుండిరి. ఒక వరుసలో సూక్ష్మజీవుల స్థితిని తెలుపు "శాకీయ" యను మాటయు, ప్రక్క వరుసలో "ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని" యను మాటయు ఎదురెదురుగా పడినవి. ప్రాత పత్రికలను యంత్రములచే చదివించి ఎక్కించునప్పుడు రెండు వరుసలును కలసిపోయినవి. పిమ్మట కొంతకాలమునకు ఇరాను దేశపు వ్యాసములలో నదే మాట వచ్చినది. పారశీకభాషలో "శాకీయ" యను మాటకును, ఆ సూక్ష్మదర్శినికి నిజముగా వాడవలసిన మాటకును భేద మొక్క చుక్క మాత్రమేయట! ఈ రెండు తప్పులను మాటలయంత్రములు మ్రింగి, తాము వ్రాయువానిలో మరల వెడలగ్రక్కినవి. 2025లో కొందఱు పరిశోధకులు ఈ చరిత్రనంతయు త్రవ్వి తీసిరి. అప్పటికే ఇరువదికి పైగా వ్యాసములలో ఆ మాట చేరియున్నది.

తాటాకుప్రతులు చూచినవారికి లేఖకదోషము క్రొత్త కాదు. ఒక వ్రాయసకాడు పంక్తి జాఱవిడిచినచో, ఆ ప్రతిని చూచి వ్రాసిన ప్రతులన్నియు జాఱవిడుచును. కాని ఆ దోషము పది గ్రామములు దాటుటకు నూఱేండ్లు పట్టెడిది. ఈలోపల నొక పండితుడు పుట్టి సరిదిద్దెడివాడు. ఇప్పుడు దోషమునకు కాళ్లు లేవు, ఱెక్కలున్నవి.

2023 జనవరిలో నేచర్, సైన్స్ అను రెండు గొప్ప పత్రికలును, యంత్రమును వ్యాసకర్తగా నంగీకరింపమని ప్రకటించినవి. వ్యాసకర్త యనగా తప్పు జరిగినచో నిలిచి బదులు చెప్పువాడు. యంత్రమును ఎవరు నిలదీయగలరు? ఈ తర్కము నాకు సమ్మతమే. అయితే పేరు తీసివేసినంతమాత్రమున యంత్రము వ్రాత మానినదని నేను నమ్మను. మా పాఠశాలలో పరీక్షాధికారి గదిలోనికి వచ్చునప్పుడు మాత్రము పుస్తకములు మూయు విద్యార్థులను ఎఱుగుదును.

మనుమరాలికి వేఱొక దిగులు కలదు. ప్రోటీనుకు పలుకులు కట్టించు విద్యను ఆమె తన గురువువద్ద రెండేండ్లు చేతులతో నేర్చుకొన్నది. పెక్కుసార్లు చెడిపోయి నేర్చుకొన్నది. క్రొత్తగా వచ్చుచున్నవారు యంత్రము చూపిన బొమ్మతో మొదలుపెట్టుచున్నారు. బొమ్మ తప్పినప్పుడు అది తప్పని వారి చేతికి తెలియదట. యంత్రమునకు చదువు చెప్పిన లక్షా డెబ్బదివేల బొమ్మలను చేసినవారు చేతివిద్య గలవారే గదా, వారు పోయిన పిమ్మట క్రొత్త బొమ్మలను నిజముగా చూచు వారెవరని ఆమె నన్నడిగినది. నేను నలువదియేండ్ల క్రిందట అమరము వల్లెవేయించుట యెందులకని వాదించిన తండ్రులతో పోరాడినవాడను. అయినను ఆమెకు సమాధానము చెప్పలేకపోయితిని. లెక్కలయంత్రము వచ్చిన పిదప ఎక్కములు మఱచితిమి. దానివలన ఆకాశము విఱిగి పడలేదు. ఇదియు నట్టిదే కావచ్చును. అయినచో ఆమె ముఖమున ఆ చింత యేల?

వెళ్లుటకు ముందునాటి రాత్రి ఆమె తన నోటుపుస్తకము చూపినది. యంత్రము గీసియిచ్చిన ఇరువదినాలుగు ప్రోటీనులను ఆమె చేసి చూచినదట. ఇరువదిరెండు పనికిరాలేదు. అవియును వరుసగా తేదీలతో వ్రాసియున్నవి; ఒక్కొక్కదాని ప్రక్కన ఏమి జరిగినదో చిన్న యక్షరములతో నున్నది. పనికివచ్చిన రెంటిలో నొకదానిని మఱల మొదటినుండి చేయవలెననియు, గొట్టము మురికివలన వచ్చిన ఫలితమేమో యని యనుమానము గలదనియు చెప్పినది. దసరాకు వచ్చునప్పటికి తేలును.